టీసీ తెచ్చుకునే ముందు

టీసీ తెచ్చుకోవడం ఒక పూట పని. అర్జీ రాసిస్తే హెడ్మాస్టరు గారు మరోసారి ఆలోచించుకోమని చెప్పి, ఆనక సంతకం పెట్టి ఇచ్చేస్తారు. మర్నాడు తొమ్మిదింటికి ఊళ్లో పిల్లలంతా బడికి పోతారు, మీ పిల్లలు మీ ఎదురుగా కూర్చుంటారు. అప్పుడేం చేయాలో ముందే తేల్చుకున్న ఇంట్లో చదువు నిలబడుతుంది. కాగితం చేతికొచ్చాక చూద్దాంలే అనుకున్న ఇంట్లో రెండు నెలలు తిరక్కముందే పిల్లలు ఫోను పట్టుకుంటారు, అమ్మీ గొంతు పెంచుతుంది, ఆ గొంతు విని దాది "నేనప్పుడే చెప్పా" అంటుంది.

కీసరలోనో, అటు నందిగామ, జగ్గయ్యపేటల్లోనో, ఇటు కంచికచర్ల వైపు పల్లెల్లోనో ఉండి, పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుందామా అని ఆలోచిస్తున్న ముస్లిం తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. చేయమని ఒత్తిడి పెట్టను, వద్దని భయపెట్టను. ఒక్క ప్రశ్న మాత్రం వదలకుండా అడుగుతాను: ఈ పనివల్ల మీ బిడ్డ లోకం పెరుగుతుందా, తగ్గుతుందా?

ముందు మీ ఇద్దరూ కూర్చుని కారణం కాగితం మీద రాసుకోండి. నోటితో అనుకున్న కారణం రోజుకో రకంగా మారుతుంది, రాసింది మారదు. బడి బస్సు హైవే దాటాలి, భయంగా ఉంది. ప్రైవేటు ఫీజు కట్టలేకపోతున్నాం. టీచరు కొడుతున్నారు. జుమా నమాజుకు వదలడం లేదు. హిఫ్జ్ చేయించాలి. ఆడపిల్ల పెద్దదవుతోంది. ఇలా ఏదో ఒకటి ఉంటుంది. రాశాక ఒక్కొక్కటీ చూడండి. వీటిలో కొన్నింటికి బడి మానడం అసలు మందే కాదు. పిల్లల్ని కొట్టడాన్ని విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది, మండల విద్యాధికారికి అర్జీ పెట్టండి. జుమా సంగతి హెడ్మాస్టరుతో నెమ్మదిగా మాట్లాడండి, మధ్యాహ్నం భోజనాల వేళకు కాస్త అటూ ఇటూ సర్దితే సరిపోయే విషయం అది. అమ్మాయికి దూరమే ఇబ్బందైతే ఆరో తరగతి నుంచి హాస్టలుతో సహా నడిచే కస్తూర్బా బాలికా విద్యాలయాలున్నాయి. ఫీజే బాధైతే మీ ఊరి ప్రభుత్వ బడిని ఒకసారి లోపలికి వెళ్లి చూసి రండి, బయట చెప్పుకునే మాటల్ని బట్టి తీర్మానించకండి.

ఇవన్నీ తీసేశాక కూడా ఇంటి చదువే కావాలనిపిస్తే, అప్పుడు మీ కారణం గట్టిది. బిడ్డతో గడిపే వేళ కావాలి, వాడి నడకను బట్టి పాఠం నడవాలి, దీన్ చదువూ లోకం చదువూ ఒకే ఇంట్లో ఒకే మనిషి నేర్పితే బాగుంటుంది అనుకునే తల్లిదండ్రులకు ఇది మంచి దారి.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. 2002లో రాజ్యాంగంలో చేరిన 21ఏ అధికరణం, దాన్ని అమలు చేయడానికి 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత చదువును హక్కుగా ఇచ్చాయి. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించని తల్లిదండ్రులకు మాత్రం అందులో శిక్ష ఏదీ రాయలేదు. ఇంటి చదువును ఈ చట్టం పేరుపెట్టి ఒప్పుకోలేదు, పేరుపెట్టి వద్దనా లేదు. మదరసాలకూ వేద పాఠశాలలకూ ఈ చట్టం వర్తించదని 2012లో సవరణ తెచ్చారు. కాబట్టి బడి బయట పిల్లల లెక్క తీసేవాళ్లు మీ ఇంటికి వస్తే కంగారు పడకండి, విసుక్కోకండి. వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. బాల కార్మికులైపోయిన పిల్లల్ని, చిన్న వయసులో పెళ్లి చేసి పంపేసిన పిల్లల్ని వెతికి పట్టుకునేది వాళ్లే. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, బిడ్డ నోటుపుస్తకాలు చూపించండి. చూపించడానికి నోటుపుస్తకాలుండాలి, అంతే.

పోయేదేమిటో కూడా లెక్క వేసుకోండి. 2025 జూన్‌లో తల్లికి వందనం పథకం కింద ఒక్కో బిడ్డకు 13,000 రూపాయలు తల్లుల ఖాతాల్లో పడ్డాయి. అది బడిలోనో కాలేజీలోనో పేరున్న పిల్లలకే. మధ్యాహ్న భోజనం, ఉచిత పుస్తకాలు, బ్యాగు, బూట్లు కూడా బడితోనే ముడిపడి ఉన్నాయి. ఇద్దరు పిల్లలున్న కౌలు రైతు ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు. తెలిసి వదులుకుంటే ఒక తీరు, తర్వాత తెలిసి ఒకరినొకరు నిందించుకుంటే ఇంకో తీరు.

ఇక మొదలుపెట్టడం. బడి మాన్పించకుండానే మొదలుపెట్టండి. ఏప్రిల్ చివర్లో బడులు మూస్తే జూన్ రెండో వారం దాకా తెరవరు. ఆ సెలవులన్నీ మీకు ఉచితంగా దొరికిన పరీక్షాకాలం. రోజూ ఒకే వేళకు, ఒకే చాప మీద, ఒకే మనిషి కూర్చుని చదివించగలరా లేదా అన్నది ఆ సెలవుల్లోనే తేలిపోతుంది. చుట్టాల పెళ్లి వచ్చింది, మిరప కోతలయ్యాక కల్లంలో పని మిగిలింది, మీకు ఒంట్లో బాగాలేదు, ఇలాంటి రోజుల్లో కూడా కనీసం గంట సాగిందా? సాగితే ముందుకు పోవచ్చు. సాగకపోతే టీసీ మాట ఈ ఏడాదికి పక్కన పెట్టండి.

వేళల గురించి పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, ఐదు పూటల నమాజు మన ఇంటి పొద్దును ముందే పంచిపెట్టింది. ఫజర్ తర్వాత గంటన్నర. మన వైపు మే నెల ఎండలు మీకు చెప్పక్కర్లేదు, తొమ్మిది దాటితే పిల్లల తలకు ఏదీ ఎక్కదు. లెక్కలూ చదవడం రాయడం ఆ చల్లటి పొద్దులోనే అయిపోవాలి. జొహర్ దాకా ఇంటి పని, ఆట, బొమ్మలు. మధ్యాహ్నం నిద్ర. అసర్ తర్వాత బయటికి, వీధిలోకి. మగ్రిబ్ నుంచి ఇషా దాకా ఖుర్ఆన్, కథలు. ఏడేళ్లలోపు పిల్లలకు ఇందులో సగం కూడా ఎక్కువే. నమాజు ఏడో ఏట నేర్పమన్న ప్రవక్త (స) మాటలోనే చిన్నపిల్లల మీద మన తొందర చూపించకూడదన్న కరుణ కనిపిస్తుంది నాకు. ఏడు నుంచి పదేళ్ల వాళ్లకు రోజుకు రెండు గంటల కూర్చుని చదివే చదువు చాలు, పదకొండు దాటాక మూడు నుంచి నాలుగు. బడిలో ఏడు గంటలు కూర్చునేది నలభై మందికి ఒక్క టీచరు కాబట్టి. ఇంట్లో ఆ ఏడు గంటలూ కూర్చోబెడితే పిల్లలు మిమ్మల్ని చూసి పారిపోతారు. రంజాన్‌లో పాఠాలు సగానికి తగ్గించండి, రోజా ఉన్న పిల్లలకు సహరీ తర్వాత కాసేపు, అంతే.

పుస్తకాల కోసం విజయవాడ వెళ్లి వేలు పోయనక్కర్లేదు. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు 2020-21 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుతో వస్తున్నాయి. ఇంటి చదువుకు ఇంతకంటే పనికొచ్చే పుస్తకాలు నేను చూడలేదు. పదో తరగతి తప్పిన అమ్మీ కూడా తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుని, ఇంగ్లీషు పేజీ బిడ్డతో కలిసి నేర్చుకోవచ్చు. వాటిలోని క్యూఆర్ గళ్లను దీక్షా యాప్‌తో చూపిస్తే పాఠాల వీడియోలు వస్తాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగులోనూ ఉర్దూలోనూ పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి. ఒకే కథ రెండు భాషల్లో చదివించొచ్చు. మంచి పుస్తకం వాళ్లు వేసే చిన్న చిన్న తెలుగు పుస్తకాలు నాలుగు తెప్పించండి. గ్రంథాలయంలో పిల్లల పేర సభ్యత్వం తీసుకోండి. గ్రంథాలయోద్యమం పుట్టి పెరిగిన జిల్లా మనది. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం పెట్టినవాళ్లు, ఊరూరికీ పుస్తకం చేరాలని తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్య గారు మన పిల్లల కోసం కూడా తిరిగారు.

భాషల దగ్గర మన ఇళ్లలో ఒక పేచీ వస్తుంది. నూర్‌బాషా కుటుంబాల్లో ఇంటి భాష తెలుగే. మరి కొన్ని ఇళ్లలో దక్కనీ ఉర్దూ. దానికి తోడు అరబీ ఖాయిదా, ఆపైన ఇంగ్లీషు ఏబీసీడీలు. నాలుగేళ్ల బిడ్డ ముందు ఈ నాలుగూ ఒకేసారి పెడితే ఏదీ నిలవదు. తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ అరబీ కుడి నుంచి ఎడమకు. చెయ్యి ఒక దిక్కుకు అలవాటు పడనివ్వండి. తెలుగు అక్షరాలు గట్టిపడి, బిడ్డ తనంతట తాను దుకాణాల బోర్డులు చదవడం మొదలుపెట్టాక ఖాయిదా తీయండి. అప్పటిదాకా సూరాలు చెవితో వింటూ నేర్చుకుంటారు, చిన్నవాళ్లకు చెవి చదువు బాగా వస్తుంది. ఖాయిదా వచ్చిన పిల్లలకు ఉర్దూ ఎంతో దూరం కాదు. పే, చే, గాఫ్ లాంటి కొన్ని అక్షరాలు కలిపితే, ఆ వంపుల రాతకు కన్ను అలవాటైతే చాలు.

తెలుగును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రెండో మెట్టుకు నెట్టకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. సచివాలయంలో, ఆస్పత్రిలో, పోలీసు స్టేషన్లో, పత్తి కొనే మిల్లు దగ్గర మీ బిడ్డ నిలబడి మాట్లాడాల్సింది తెలుగులో. అది ఇంకొకరి దగ్గర అరువు తెచ్చుకున్న భాష కూడా కాదు. పిఠాపురం ఉమర్ అలీషా పద్యాలు రాసింది తెలుగులో. బుర్రకథకు ప్రాణం పోసిన షేక్ నాజర్, నాదస్వరాన్ని ఏలిన షేక్ చినమౌలానా మన వాళ్లే, తెలుగువాళ్లే. పిల్లలు కాస్త పెద్దయ్యాక ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదివించండి. అందులోని ఇల్లు తమ ఇల్లులాగే ఉందని గుర్తుపట్టిన పిల్లలు ఇక పుస్తకం వదలరు. ఖుర్ఆన్‌కు తెలుగు అనువాదాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. సూరా కంఠతా వచ్చిన రోజే దాని భావం ఇంటి భాషలో చెప్పండి. అర్థం తెలియకుండా ఏళ్లతరబడి వల్లించిన పిల్లలు పెద్దయ్యాక అడిగే ప్రశ్నలకు మన దగ్గర జవాబుండదు.

మన ఊళ్లలో పాఠం చేయదగ్గవి ఎన్నో ఉన్నాయి. ఇక్కడ కాస్త ఆగి చెబుతాను, ఇంటి చదువులో నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే.

పెరట్లో మూరెడు కర్ర ఒకటి నిలువుగా పాతండి. మన వైపు ఎక్కువమంది పాటించే హనఫీ లెక్కలో, మిట్టమధ్యాహ్నపు నీడను పక్కన పెడితే, వస్తువు నీడ దాని ఎత్తుకు రెండింతలైనప్పుడు అసర్ మొదలవుతుంది. పిల్లలు ఆ నీడను స్కేలుతో కొలిచి, రాసుకుని, మసీదులో గోడమీది వేళల పట్టికతో సరిచూసుకోవాలి. నెలరోజులు రాస్తే పట్టిక, గ్రాఫు, నిష్పత్తి అన్నీ వాటంతటవే వస్తాయి. మే మొదటి వారంలో ఒక రోజు, ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు మన ఊరి మిట్టమధ్యాహ్నం ఆ కర్రకు నీడే పడదు. ఎందుకు పడదో పిల్లలే అడుగుతారు. జవాబు కోసం గ్లోబు కావాలి. గ్లోబు చేతికొచ్చాక కాబా వైపు దారం లాగి చూపించండి. మనం నిలబడే దిక్కు నేరుగా పడమర కాదు, కాస్త ఉత్తరానికి వాలి ఉంటుంది. రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు ఎందుకు జరుగుతుందో, దాది చిన్నప్పుడు చలికాలంలో వచ్చిన రోజాలు తర్వాత ఎండల్లోకి ఎలా వచ్చాయో చెప్పండి. ఆ చుట్టు పూర్తవడానికి ముప్పై మూడేళ్లు పడుతుంది. జకాత్ లెక్క నలభయ్యో వంతు. మీ ఇంటి బంగారం, దాచుకున్న డబ్బు, తీర్చాల్సిన అప్పు పిల్లల చేత రాయించి లెక్క కట్టించండి. ఇంటి అప్పు పిల్లలకు తెలియడం తప్పు కాదు.

మునేరు మన గుమ్మం ముందరి భూగోళం. పాకాల చెరువు వైపు నుంచి బయలుదేరి, ఖమ్మం మీదుగా వచ్చి, మన దగ్గర వైరాను, కట్టలేరును కలుపుకుని కృష్ణలోకి పోతుంది. 2023 జులైలో ఐతవరం దగ్గర ఆ నీళ్లు హైవే ఎక్కి, హైదరాబాదు దారి ఆగిపోయింది. మన ఊళ్లో వాన లేకపోయినా మునేరు ఎందుకు పొంగుతుంది? పటం గీయించండి, పైన వాన పడ్డ చోటు రంగు వేయించండి. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకొచ్చాయని అడిగితే కాళ్ల కింది సున్నపురాయి చూపించండి. నిమ్మరసం చుక్క వేస్తే అది నురుగు కడుతుంది, రసాయన శాస్త్రం అక్కడే మొదలైంది. ఆ ఊరి ధనంబోడు మీద ఉన్న బౌద్ధ స్తూపానికి తీసుకెళ్లండి. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని వెలికితీశారు, అక్కడి చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. బౌద్ధుల చోటికి మనమెందుకు అనకండి. అది మన నేల చరిత్ర. కంచికచర్ల దాటితే వచ్చే పరిటాల, చుట్టూ కృష్ణా జిల్లా ఉండగా మధ్యలో నిజాం సొంత భూమిగా 1948 దాకా ఎలా మిగిలిందో పెద్దవాళ్లనడిగి రాసుకురమ్మనండి. బడి ఈ పనులన్నీ చేయించలేదు, తీరిక ఉండదు. మీకు ఉంటుంది.

హిఫ్జ్ కోసం బడి మాన్పించే ఇళ్లకు ఒక మాట. ముప్పై పారాలు గుండెలో పెట్టుకోవడం గొప్ప భాగ్యం, దాని బరువు కూడా గొప్పదే. పొద్దున కొత్త సబఖ్, తర్వాత వెనకటి పాఠాల మననం, సాయంత్రం ఉస్తాద్‌కు అప్పజెప్పడం అంటే బిడ్డ తలలో మంచి భాగమంతా దానికే పోతుంది. ఆ రెండు మూడేళ్లు లోకం చదువును పూర్తిగా ఆపేయకుండా, తెలుగు ఒక పేజీ, లెక్కలు అరగంట మాత్రం ఏ రోజూ తప్పకుండా సాగనివ్వండి. అలా సాగించిన పిల్లలు హాఫిజ్ అయ్యాక తోటివాళ్లతో కలిసిపోగలుగుతారు. పన్నెండేళ్ల హాఫిజ్ పిల్లాణ్ని మూడో తరగతి లెక్కల దగ్గర కూర్చోబెడితే వాడికి కలిగే సిగ్గు ఆ వయసులో మోయలేనిది. బిడ్డ వద్దంటే, లేదా ఏడాది గడిచినా బెదిరిపోతూ ఉంటే, ఆపండి. నాలుగు పారాలు వచ్చినా చాలు, ఆ నాలుగూ ప్రేమతో వస్తే.

ఇప్పుడు ఆడపిల్లల సంగతి.

అబ్బాయిని బడికి పంపుతూ, అమ్మాయికి మాత్రం పన్నెండో ఏడు రాగానే ఇంటి చదువు మొదలుపెడితే, అది చదువు కాదని మీకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. ఆ పేరు మీద గిన్నెలు తోమించి, తమ్ముణ్ని ఎత్తుకోమని చెప్పి, పద్దెనిమిది ఎప్పుడు నిండుతాయా అని చూసే ఇళ్లున్నాయి. మీ ఇల్లు అలాంటిది కాదని ఎలా తెలుస్తుంది? అమ్మాయికి రోజూ పుస్తకంతో కూర్చునే గంటలు కాగితం మీద రాసి ఉన్నాయా? పదో తరగతి పరీక్ష ఏ ఏడాది రాస్తుందో తేల్చారా? ఆ పరీక్షకు నందిగామ తీసుకెళ్లేదెవరో అనుకున్నారా? ఈ మూడింటికీ జవాబుంటే చదువుంది. లేకపోతే అమ్మాయిని బడిలోనే ఉంచండి.

బెంగాలులో రోకేయా సఖావత్ హుసేన్ 1880లో పుట్టింది. ఇంట్లో అరబీ, ఉర్దూ తప్ప ఆడపిల్లలకు బెంగాలీ, ఇంగ్లీషు వద్దన్నారు. అక్క కరీమున్నీసా బెంగాలీ నేర్పింది, అన్న ఇబ్రాహీం ఇల్లంతా నిద్రపోయాక ఇంగ్లీషు నేర్పాడు. అంతా ఇంటి చదువే. ఆ చదువుతో ఆమె 1905లో 'సుల్తానాస్ డ్రీమ్' రాసింది. భర్త పోయాక 1911లో కలకత్తాలో ముస్లిం ఆడపిల్లల కోసం బడి పెట్టి, గుమ్మం గుమ్మం తిరిగి తల్లిదండ్రుల్ని బతిమాలి పిల్లల్ని తెచ్చుకుంది. ఇంట్లో చదివి అంత ఎత్తుకు ఎదిగిన మనిషి, మిగిలిన ఆడపిల్లలకు బడి కావాలనుకుంది. మీ అమ్మాయి విషయంలో ఏ నిర్ణయం తీసుకున్నా ఈ సంగతి గుర్తుంచుకోండి. రోకేయాకు ఒక అన్న దొరికాడు. అలాంటి అన్న ప్రతి ఇంట్లో ఉండడు.

అబ్బాలూ, మీతో రెండు మాటలు. చదివించాలన్న నిర్ణయం మీది, చదివించే పని ఆమెది అయితే ఈ ఇంటి బడి నడవదు. వంట, బట్టలు, అత్తమామల సేవ, చంటిబిడ్డ, వీటన్నింటి మీద రెండు తరగతుల పాఠాలు కూడా పెడితే ఏ మనిషైనా చిరచిరలాడుతుంది. మగ్రిబ్ నుంచి ఇషా దాకా వేళ మీది అనుకోండి. దుకాణం ఉంటే బిడ్డను దుకాణానికి తీసుకెళ్లండి, చిట్టా రాయించండి. లారీ మీద పోయేవారైతే తిరిగొచ్చిన ప్రతిసారీ దారిలోని ఊళ్ల పేర్లు చెప్పి పటంలో గుర్తు పెట్టించండి. ఫజర్ తర్వాత గంటన్నరా ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లనక్కర్లేకుండా చూడండి. టీ మీరు పెట్టండి.

అమ్మీలూ, చదువు మధ్యలో ఆగిపోయిందని వెనకాడకండి. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, మనం ఓపెన్ స్కూల్ అంటాం, 1991 నుంచి ఉంది. పదో తరగతికి కనీసం 14 ఏళ్లు నిండాలి, పైన వయసు పరిమితి లేదు. మీరు ముందు రాయండి. బిడ్డ ఆరో తరగతి పాఠాలు చదివే ఏడాది మీరు పదో తరగతి చదవండి. ఒకే చాప మీద అమ్మీ తన పరీక్షకు చదువుతూ కూర్చుంటే, చదువు అంటే ఏమిటో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. మన ఇళ్లలోని ఎందరో చెల్లెళ్ల కోసం నేను చేసే దువా కూడా ఇదే.

పిల్లలకు స్నేహితులు కావాలి. రోజూ అసర్ తర్వాత వాళ్లు వీధిలో ఉండాలి. మసీదు పిల్లలతోనే కాకుండా మాలపల్లి పిల్లలతో, కమ్మవారి వీధి పిల్లలతో కూడా క్రికెట్టు ఆడాలి. సంక్రాంతికి పక్కింటి ముగ్గు చూడాలి, మన ఈద్ సేమ్యా ఆ పక్కింటికి మన పిల్లల చేతే పోవాలి. బడి చేసే మంచి పనుల్లో పెద్దది ఇదే, నానా రకాల పిల్లల్ని ఒక బెంచీ మీద కూర్చోబెడుతుంది. ఆ బెంచీ తీసేసినప్పుడు దాని బదులు మరోటి మీరే వేయాలి. వారానికి ఒక రోజు ఇంకో రెండు మూడు కుటుంబాల పిల్లల్ని కలిపి ఒకరింట్లో లెక్కలు, ఒకరింట్లో కుట్టు, ఒకరింట్లో సైన్సు పెట్టుకోండి. ఆ కుటుంబాల్లో ఒక్కటైనా మన మతం కానిది ఉండేలా చూడండి.

హైదరాబాదులో ఇంట్లోనే చదివి ఎనిమిదేళ్లకే పదో తరగతి గట్టెక్కిన నైనా జైస్వాల్ పేరు మీరు వినే ఉంటారు. ఢిల్లీలో ఇంట్లో చదువుకున్న సహల్ కౌశిక్ 2010లో పద్నాలుగేళ్లకు ఐఐటీ పరీక్ష గెలిచాడు. ముంబయిలో మాళవికా జోషి పది, పన్నెండు పాస్ సర్టిఫికెట్లు లేకుండానే 2016లో అమెరికాలోని ఎంఐటీకి వెళ్లింది. మన ఐఐటీకి మాత్రం ఆమె వెళ్లలేకపోయింది, పన్నెండో తరగతి పాసై ఉండాలన్న నియమం అడ్డొచ్చింది. ఈ కథల్లో మొదటి రెండూ విని మీ బిడ్డను పరుగెత్తించకండి. మూడోది మాత్రం విని కాగితాలు సర్దుకోండి.

కాగితాల దారి ఇది. 14 నిండాక ఓపెన్ స్కూల్ పదో తరగతి, ఆ తర్వాత ఇంటర్. లేదా కేంద్రం నడిపే ఎన్ఐఓఎస్. అది 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైంది. చిన్న పిల్లలకు మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన పరీక్షలు కూడా అందులో ఉన్నాయి. పదో తరగతిలో ఐదు సబ్జెక్టులు చాలు, తెలుగు, ఉర్దూ, అరబిక్ భాషలుగా తీసుకోవచ్చు, ఐదేళ్లలో తొమ్మిది సార్లు రాసే అవకాశం ఉంటుంది. ఒక్కో సబ్జెక్టు విడిగా కూడా గట్టెక్కొచ్చు. సైన్సు తీసుకుంటే ప్రాక్టికల్స్‌కు స్టడీ సెంటరుకు వెళ్లాలి, ఆ ప్రయాణం ముందే చూసుకోండి. ఓపెన్ స్కూల్ పిల్లలకు నీట్ రాసే అర్హత లేదన్న నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అయినా ఏటా ప్రకటన వచ్చినప్పుడు అర్హతల పేజీ స్వయంగా చదవండి, ఎవరో చెప్పారని ఊరుకోకండి.

ఒక ఫైలు పెట్టుకోండి. పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్, టీసీతో పాటు రికార్డు షీటు అసలు కాపీ, బీసీ-ఈ లేదా నూర్‌బాషాలైతే బీసీ-బీ కుల ధ్రువపత్రం. బడి రికార్డు లేని పిల్లలకు కాలేజీ ప్రవేశాల్లో స్థానికులమని రుజువు చేసుకోవడానికి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి, కరెంటు బిల్లులూ రేషన్ కార్డూ భద్రంగా ఉంచండి. వీటితో పాటు బిడ్డ ఏ నెలలో ఏం చదివాడో రాసిన పుస్తకం, తేదీలతో. మూడు నెలలకోసారి తెలిసిన టీచరుతో ఒక చిన్న పరీక్ష పెట్టించి ఆ పేపరు కూడా ఫైల్లో పెట్టండి. మీ బిడ్డ మీకు తెలివైనవాడిలాగే కనిపిస్తాడు, బయటి కన్ను ఒకటి ఉండాలి.

ఎప్పుడు ఆపేయాలో కూడా ముందే అనుకోండి. వరుసగా రెండు నెలలు పాఠాలు సాగకపోతే, బిడ్డ నవ్వడం తగ్గిస్తే, తానే బడికి పోతానంటే, తిరిగి పంపండి. 14 ఏళ్లలోపు ఏ బిడ్డనైనా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని, వెనకబడితే తోటివారితో సమానమయ్యేలా ప్రత్యేక బోధన ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. ఏడాది మధ్యలో వచ్చారని కాదనడానికి 15వ సెక్షన్ ఒప్పుకోదు. ఆ ఫైలు పట్టుకుని హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ఇన్నాళ్లూ ఏం చదివించారో చూపించి, ఏ తరగతిలో కూర్చోబెడితే బాగుంటుందో ఆయనతోనే మాట్లాడి తేల్చుకోండి.